పట్టణ ఆరోగ్యానికి శివారు సాగుభూమే పునాది: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేపథ్యంలో ఒక అభిప్రాయం

పట్టణ ప్రణాళిక ఇంజనీర్ల పని, ప్రజారోగ్యం వైద్యుల పని, సేద్య విజ్ఞానం పొలం గట్టు దాటనవసరం లేదు అనే విభజన మన విద్యాసంస్థలలో చాలాకాలంగా స్థిరపడి ఉంది. హైదరాబాదు వంటి మహానగరం విషయంలో ఈ విభజనకు కొంత అర్థం ఉండవచ్చు. అక్కడ నగరం నడిబొడ్డు నుండి సాగుభూమి కనిపించాలంటే ముప్ఫై, నలభై కిలోమీటర్లు ప్రయాణించాలి. లక్ష జనాభా గల పట్టణంలో పరిస్థితి వేరు. బస్టాండులో దిగిన మనిషి అరగంట నడిస్తే వరి మడిలో ఉంటాడు. అక్కడ పట్టణం పీల్చే గాలి, దానిలోకి వచ్చే వరద, సంతకు చేరే కూరగాయ అన్నీ శివారు భూమి మీదుగానే వస్తాయి.

ఈ వ్యాసంలో ప్రతిపాదించదలచిన విషయం ఒక్కటే. చిన్న పట్టణాల ప్రజల ఆరోగ్యాన్ని నిర్ణయించడంలో శివారు సాగుభూమిపై మనం తీసుకునే నిర్ణయాలకు ప్రధాన స్థానం ఉంది. కనుక ఆ భూమిని ఇళ్ల కోసం ఎదురుచూస్తున్న ఖాళీ స్థలంగా కాక, ఆసుపత్రి, మంచినీటి ట్యాంకు వలె ఆరోగ్య వసతిగా లెక్కించాలి. అలా నిలిపినందుకు రైతుకు ప్రతిఫలం చెల్లించాలి. ఎంత భూమి, ఎక్కడ, ఏ పంటతో నిలపాలో చెప్పే బాధ్యతను సేద్య శాస్త్రవేత్తలు స్వీకరించాలి.

మూడు పట్టణాల స్వరూపం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందిన పట్టణాలు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. జిల్లా కేంద్రం హోదాతో కార్యాలయాలు, కళాశాలలు, వెడల్పాటి రోడ్లు వచ్చాయి. వాటి వెంట శివారు భూమి ధర కూడా ఎకరాల లెక్క నుండి గుంటల లెక్కకు, గుంటల నుండి గజాల లెక్కకు మారింది.

మూడింటి నిర్మాణం ఒకే తీరుగా లేదు. జగిత్యాల నక్షత్రాకారపు కోట, గడియార స్తంభం, చుట్టూ చింతకుంట, మోతె చెరువు వంటి జలవనరులతో ఒక కేంద్రం చుట్టూ పెరిగిన పట్టణం. కోరుట్ల నిజామాబాదు నుండి జగ్‌దల్‌పూర్ వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి వెంట పొడవుగా సాగిన పట్టణం. పసుపు, వరి, బీడీలు, గల్ఫ్ నుండి వచ్చే సొమ్ము దాని ఆర్థిక ఆధారాలు. సిరిసిల్ల మానేరు ఒడ్డున మరమగ్గాల చుట్టూ అల్లుకున్న కార్మిక పట్టణం. అక్కడ చాలా వాడలలో నివాసం, కార్ఖానా పక్కపక్కనే ఉంటాయి.

ఇన్ని తేడాలున్నా శివారులో మూడింటి కథ ఒక్కటే. ముందు రోడ్డు పడుతుంది. తర్వాత రోడ్డు పక్క చెలక, ఆ వెనుక మామిడి తోట, చివరకు చెరువు కింది తరి భూమి ప్లాట్లుగా మారుతాయి. ప్లాట్లు అమ్ముడవుతాయి. ఇళ్లు మాత్రం చాలా ఏళ్ల వరకు రావు.

సాగు ఆగి ఇల్లు రాని భూమి

పొలానికీ ఇంటికీ నడుమ ఏళ్ల తరబడి ఉండిపోయే ఈ స్థితిని మన పరిశోధనలు తగినంతగా పట్టించుకోలేదు. భూ వినియోగ గణాంకాలలో అది బీడుగానో వ్యవసాయేతర భూమిగానో కనిపిస్తుంది. ఆరోగ్యపరంగా చూస్తే పట్టణంలోని అత్యంత హానికర భూమి అదే.

కారణం సులభగ్రాహ్యం. రైతు చేతిలో ఉన్న భూమికి ఏటా దున్నకం, కలుపుతీత, నీటి పారుదల ఉంటాయి. హద్దురాళ్లు పాతిన మరునాటి నుండి ఆ మూడూ ఆగిపోతాయి. యజమాని దుబాయిలోనో మస్కట్‌లోనో హైదరాబాదులోనో ఉంటాడు. గట్లు చదును కావడంతో నీరు పారే దారి తప్పుతుంది. రోడ్ల కోసం మట్టి ఎత్తు పెంచడంతో మధ్య ప్లాట్లు గుంటలవుతాయి. తొలి వానకే ఆ భూమిని వయ్యారిభామ ఆక్రమిస్తుంది.

1955లో పుణె ప్రాంతంలో మన దేశంలో తొలిసారి గుర్తించిన ఈ కలుపు నేడు ఎక్కడా అపరిచితం కాదు. ఒక్కో మొక్క పది నుండి పాతిక వేల విత్తనాలు ఇస్తుంది. అందులోని పార్థినిన్ చర్మవ్యాధిని, పుప్పొడి తుమ్ములను, ఉబ్బసాన్ని కలిగించగలవు. మనం దానిని పంట నష్టం కోణం నుండి బోధిస్తున్నాం. ఏటా ఆగస్టు 16 నుండి 22 వరకు వయ్యారిభామ నిర్మూలన వారోత్సవాలు జరుపుతున్నాం. అయితే ఆ వారంలో మన విద్యార్థులు కలుపు పీకేది కళాశాల ఆవరణలోను, పొలం గట్ల మీదను. బడి పిల్లలు రోజూ నడిచే దారి పక్కనున్న ప్లాట్లు ఎవరి బాధ్యతా కాకుండా మిగులుతున్నాయి.

దోమల విషయమూ అంతే. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ సగం కట్టిన ఇళ్ల నీటి తొట్లలో, పారవేసిన టైర్లలో, కొబ్బరి చిప్పలలో పెరుగుతుంది. గుడ్డు నుండి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. మురుగు నిలిచిన ప్లాట్లలో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. పురపాలక సిబ్బంది పొగ కొట్టడం వ్యాధి వచ్చిన తర్వాతి చర్య. నీరు నిలవకుండా భూమిని మలచడం దానికి ముందు చేయవలసిన పని. నేల వాలు, కాలువ, మత్తడి తెలిసినవారే ఆ పని చెప్పగలరు.

వేడి లెక్క

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా మరణించారు. ఉత్తర తెలంగాణ జిల్లాలలో మే నెలలో 45 డిగ్రీల సెల్సియస్ ఇప్పుడు అసాధారణం కాదు. పగటి వేడి గురించి ప్రచారం జరుగుతున్నది గానీ, రాత్రి వేడి గురించి తక్కువగా మాట్లాడుతున్నాం. స్లాబు ఇల్లు పగలంతా గ్రహించిన వేడిని రాత్రి పొద్దుపోయే వరకు విడుస్తుంది. పెంకుటిల్లు, దాని ముందు అరుగు, అరుగు మీద వేపచెట్టు నీడ ఉన్న రోజులలో మనుషులు ఆరుబయట నిద్రించేవారు. రోడ్డు అంచు వరకు కట్టిన నేటి ఇంటిలో ఆ అవకాశం లేదు. రాత్రి చల్లబడని శరీరం మరునాటి ఎండను తట్టుకోలేదు. రోజంతా ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మహిళ, రాత్రి పాళీలో మగ్గాల షెడ్డులో నిలబడే కార్మికుడు ఈ వేడిని అందరికంటే ఎక్కువగా అనుభవిస్తారు.

ఇక్కడ సేద్య శాస్త్రం చెప్పగల లెక్క ఒకటి ఉంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.45 మెగాజౌళ్ల ఉష్ణం కావాలి. నీటి ఎద్దడి లేని పైరు నుండి నేల తడిగాను, ఆకుల బాష్పోత్సేకంగాను రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు పోతుందనుకుంటే, ఎకరాకు దాదాపు 20 వేల లీటర్లు అవుతుంది. అందుకు పరిసరాల నుండి ఖర్చయ్యే ఉష్ణం సుమారు 49 వేల మెగాజౌళ్లు, అంటే 13 వేల 600 యూనిట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ యంత్రాలు నూరింటిని రాత్రింబవళ్లు నడిపితే అవి గదుల నుండి తొలగించే వేడికి ఇది సమానం. ఏసీలు ఆ వేడిని, తాము వాడిన విద్యుత్తు వేడిని కలిపి వీధిలోకి వదులుతాయి. పైరు ఆ పని చేయదు.

ఈ లెక్కను ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పకూడదు. పొలం చల్లదనం ఆరుబయట చెదిరిపోతుంది. కొన్ని వందల మీటర్లు దాటితే దాని ప్రభావం తగ్గుతుంది. అంతకంటే ముఖ్యమైన పరిమితి కాలానికి సంబంధించినది. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ ఆయకట్టులో యాసంగి వరి ఏప్రిల్‌లో, మే ప్రారంభంలో కోతకు వస్తుంది. ఎండ ముదిరే వారాలలో మడులు ఎండి ఉంటాయి, కొన్నిచోట్ల కొయ్యకాలు తగలబడుతూ ఉంటాయి. అంటే వరి పొలం అవసరమైన వేళకు పట్టణానికి నీడ ఇవ్వదు, పొగ ఇవ్వవచ్చు.

ఆ వేళకు పచ్చగా ఉండేది మామిడి తోట. జగిత్యాల ప్రాంతం మామిడికి పేరు పొందింది. చల్‌గల్ మార్కెట్ నుండి కాయ దూర ప్రాంతాలకు పోతుంది. మే నెలలో పూర్తి ఆకుతో నిలిచి, లోతు వేళ్లతో నీరు తోడుకుని, నేలకు నీడనిచ్చే ఈ తోటలే పట్టణ శివారులో వేగంగా ప్లాట్లవుతున్నాయి. చెట్టు నరకడానికి 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. అనుమతి ఇచ్చేటప్పుడు కలప విలువ లెక్కకు వస్తుంది, చల్లదనం విలువ రాదు. ఆ విలువను ఎవరూ లెక్కగట్టి ముందుంచకపోవడం ఇందుకు ఒక కారణం.

వాన నీటి దారి

2021 సెప్టెంబరు 7న కురిసిన భారీ వర్షానికి సిరిసిల్ల పట్టణం జలమయమైంది. కొత్త చెరువు పొంగి శాంతినగర్ తదితర వాడలలో ఇళ్లలోకి నీరు చేరింది. మగ్గం ఇంటిలోనో ఇంటి పక్కనో ఉండే పట్టణంలో వరద అంటే మంచం, బియ్యంతో పాటు నూలు, మోటారు, బతుకుతెరువు తడవడం. నీరు తగ్గిన తర్వాత అతిసారం, జ్వరాలు, చర్మవ్యాధుల ముప్పు వారాల పాటు ఉంటుంది.

అసాధారణ వర్షాన్ని ఏ ప్రణాళికా ఆపలేదు. అయితే వర్షం ఎంత భాగం వరదగా మారుతుందో భూమి వినియోగం నిర్ణయిస్తుంది. ఒక ఎకరంపై 100 మిల్లీమీటర్ల వాన పడితే వచ్చే నీరు 4 లక్షల లీటర్లకు పైనే. జానెడు గట్టున్న వరి మడి ఖాళీగా ఉంటే ఆ నీటినంతా నిలుపుకోగలదు. అదే మడిని చదును చేసి రోడ్లు, స్లాబులు, సిమెంటు ముంగిళ్లు వేస్తే ఐదింట నాలుగు వంతుల నీరు గంటల వ్యవధిలో బయటకు పోతుంది. నూరు ఎకరాల తరి భూమి అలా మారితే ఒక్క వానకు 3 కోట్ల లీటర్లకు పైగా అదనపు నీరు దిగువ వాడలకు చేరుతుంది. ఆ వాడలు సాధారణంగా పేదలవి. లాభం ఎగువ భూమి అమ్మినవారికి, జ్వరం దిగువన ఉన్నవారికి దక్కడం పట్టణ నిర్మాణంలోని అన్యాయం.

కాకతీయుల కాలం నుండి తెలంగాణలో గొలుసుకట్టు చెరువుల విధానం ఉంది. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు పోతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసింది. కొన్నింటిని మినీ ట్యాంకుబండ్‌లుగా తీర్చిదిద్దారు. కట్ట మీద నడకదారి, దీపాలు పట్టణవాసుల ఆరోగ్యానికి మేలు చేసేవే. అయితే చెరువు కట్టతో ముగియదు. దాని పైన శిఖం, కింద ఆయకట్టు, రెండు చెరువులను కలిపే వాగు ఉన్నప్పుడే అది చెరువుగా పనిచేస్తుంది. ఆయకట్టు ప్లాట్లయి, వాగు మురుగు కాలువయితే మిగిలేది అలంకరించిన నీటి గుంట మాత్రమే.

నీటి ప్రకోపం నుండి పట్టణ నిర్మాణం నేర్చుకున్న ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మించారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి రోడ్ల విస్తరణ, ఇరుకు వాడల సంస్కరణ చేపట్టింది. వరద సమస్యకు పరిష్కారం వరద వచ్చిన చోట కాక నగరం వెలుపల, ఎగువ భూమిపై ఉందని నాటివారు గ్రహించారు.

నడక, నిద్ర, కూరగాయలు

ఆరోగ్యానికి పట్టణ నిర్మాణంతో ఉన్న మరికొన్ని సంబంధాలను క్లుప్తంగా ప్రస్తావిస్తాను.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థాయి శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. కోరుట్ల వంటి చోట జాతీయ రహదారే ప్రధాన వీధి అయినప్పుడు లారీల నడుమ నడిచే వృద్ధునికి ఆ సూచన ఆచరణలో అసాధ్యం. రోడ్డు మధ్య విభాగినిపై నాటిన పూలమొక్క కారులో పోయేవారి కంటికి ఇంపు. నడిచేవారికి కావలసింది రోడ్డు అంచున వేప, కానుగ, చింత, నేరేడు. ఏ జాతి, ఎంత దూరం, ఎంత గుంత అనే ప్రశ్నలకు సమాధానం మన దగ్గర ఉంది. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ విరివిగా నాటి, తర్వాత వద్దనుకున్న అనుభవం ముందస్తు సలహా లోపించినందువల్ల కలిగినదే.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి శబ్దం 45 డెసిబెళ్లు దాటరాదు. సుమారు పాతిక వేల మరమగ్గాలున్న సిరిసిల్లలో ఎన్నో ఇళ్లకు ఆ నియమం అందని మాట. మగ్గాలను నివాసాలకు దూరంగా తీసుకుపోవడానికి బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కు వంటి ప్రయత్నాలు జరిగాయి. పని దూరమైతే రాకపోకల భారం, ఇంటి పట్టున పనిచేసే మహిళల ఉపాధి నష్టం ఎదురవుతాయి. కనుక కార్మికులను తరలించడంతో పాటు నివాస వాడలలో చెట్లు, గోడలు, పాళీల వేళల ద్వారా శబ్దం తగ్గించే మార్గాలనూ వెతకాలి.

పచ్చదనం మనసుకు మేలు చేస్తుందనడం భావుకత కాదు. అమెరికా పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో, కిటికీ నుండి చెట్లు కనిపించిన శస్త్రచికిత్స రోగులు, ఇటుక గోడ కనిపించిన రోగులకంటే త్వరగా ఇళ్లకు వెళ్లారు, తక్కువ నొప్పి మందులు వాడారు. మనవారికి ఈ సంగతి బతుకమ్మ రూపంలో తెలుసు. తంగేడు, గునుగు బీడు అంచుల పూలు. ఊరి చుట్టూ చెలకలు ఉన్నంతకాలం అవి నడిచిపోయి కోసుకునేవి. నేడు పట్టణ మహిళ వాటిని కొనవలసి వస్తున్నది.

ఆహారం మరింత ప్రత్యక్షమైన విషయం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. లక్ష జనాభా పట్టణానికి రోజుకు 40 టన్నులు, ఏడాదికి 14 వేల 600 టన్నులు. ఎకరాకు ఏడాదికి 10 టన్నుల దిగుబడి లెక్కిస్తే 1,500 ఎకరాలు చాలు. వరి తప్ప మరొకటి కనిపించని ఆయకట్టు నడుమ, దూర ప్రాంతాల నుండి లారీలో వచ్చే కూరగాయపై పట్టణం ఆధారపడటం ప్రణాళికా లోపమే. ఆ 1,500 ఎకరాలు ఏవో నేడే గుర్తించకపోతే రేపు అవి ఉండవు.

జగిత్యాల నేర్పిన పాఠం

2022 చివరి మాసాలలో జగిత్యాల, కామారెడ్డి పట్టణాల మాస్టర్ ప్లాన్ ముసాయిదాలపై రైతులు తీవ్రంగా నిరసన తెలిపారు. తమ సాగు భూములను ఇతర అవసరాల మండలాలుగా చూపారని జగిత్యాల చుట్టుపక్కల తిమ్మాపూర్, నర్సింగాపూర్, హస్నాబాద్ వంటి గ్రామాల రైతులు ధర్నాలు, రాస్తారోకోలు చేశారు. కామారెడ్డిలో ఒక రైతు ఆత్మహత్య ఆందోళనను మరింత తీవ్రం చేసింది. 2023 జనవరిలో రెండు పురపాలక సంఘాలూ ముసాయిదాలను రద్దు చేయాలని తీర్మానించాయి.

ఈ ఉదంతాన్ని అభివృద్ధికి రైతులు అడ్డుపడ్డారని చెప్పడం అన్యాయం. పటంలో ఒకరి భూమికి ఆకుపచ్చ రంగు, పక్కవారి భూమికి పసుపు రంగు వేసినప్పుడు ఆ గీత ఒకరిని ధనికుని చేసి, మరొకరికి అమ్ముకునే అవకాశం తగ్గిస్తుంది. పట్టణమంతటి ఊపిరి కోసం కొందరి ఆస్తి విలువ మాత్రమే తగ్గాలనడంలో న్యాయం లేదు. రైతు వ్యతిరేకించినది పచ్చదనాన్ని అనుకోవడానికి వీలులేదు. రేపు కూతురి పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో రెండు గుంటలు అమ్ముకునే హక్కును ప్రతిఫలం లేకుండా కోల్పోవడానికి ఎవరూ ఒప్పుకోరు.

అయితే ప్రణాళిక ఆగినంత మాత్రాన ప్లాట్లు ఆగవు. మాస్టర్ ప్లాన్ లేని చోట భూ వినియోగ మార్పిడి దరఖాస్తులే ప్రణాళికగా మారతాయి. ఎవరి భూమికి వారు విడివిడిగా తీసుకునే నిర్ణయాల మొత్తంలో చెరువుకు నీరు వచ్చే దారి ఎవరికీ కనిపించదు. లేఅవుట్‌లో పదో వంతు స్థలం ఉమ్మడి అవసరాలకు వదలాలని నియమం ఉంది. దానిని పాటించని లేఅవుట్‌ల క్రమబద్ధీకరణకు 2020లో వచ్చిన పథకంలో, స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం రుసుముగా చెల్లించే వీలు కల్పించారు. ప్లాటు కొన్న సామాన్యుని ఇబ్బంది తీర్చడానికి అది అవసరమే కావచ్చు. కానీ ఆ రుసుము ఆ వాడకు నీడగానో ఇంకుడు నేలగానో తిరిగి రాకపోతే నేల పోయి సొమ్ము మాత్రమే మిగులుతుంది.

ఎదురయ్యే అభ్యంతరాలు

పట్టణం పెరగాలి, ఇళ్లు కావాలి, భూమిని ఆపితే ధర పెరిగి పేదవాడికి ఇల్లు దూరమవుతుంది అనేది మొదటి అభ్యంతరం. ఇది నిజమైన ఆందోళన. అయితే ఈ మూడు పట్టణాలలోనూ ఇప్పటికే ప్లాట్లయి ఖాళీగా పడి ఉన్న భూమి కొరతేమీ లేదు. రోడ్డు, మురుగు కాలువ, నీరు మొదట అక్కడికి ఇచ్చి, అక్కడ ఇళ్లు కట్టేలా ప్రోత్సహించి, ఆ తర్వాతే కొత్త భూమిని తెరవాలి.

పొలం పక్కన నివసించడం ఆరోగ్యకరమేనా అనేది రెండవ అభ్యంతరం. పురుగుమందుల తుంపర, కొయ్యకాళ్ల పొగ, వరి మడి దోమలు, పెరిగే తేమ వల్ల ఉక్క అన్నీ వాస్తవాలే. అందువల్లనే ఏ పంట అన్న ప్రశ్న ముఖ్యం. ఇళ్లను ఆనుకుని మామిడి, జామ, నిమ్మ తోటలు, సమగ్ర సస్యరక్షణతో కూరగాయలు, గట్ల మీద చెట్లు ఉండాలి. ఆ వెలుపల ఆరుతడి పంటలు, మరింత దూరాన వరి ఉండవచ్చు. పట్టణ మురుగుతో ఆకుకూరలు పండించే చోట నీటి నాణ్యతా పరీక్షలు తప్పనిసరి చేయాలి. శివారు సాగు ఇప్పుడున్న రూపంలోనే మేలైనదని నా వాదన కాదు. దానిని మేలైనదిగా మలచవచ్చునని నా వాదన.

డబ్బు ఎక్కడిది అనేది మూడవ అభ్యంతరం. జపాన్ 1974లో ఉత్పాదక హరిత భూముల చట్టం తెచ్చింది. 1991 సవరణ తర్వాత, నగరంలో ముప్ఫై ఏళ్లు సాగు కొనసాగిస్తానని ఒప్పుకున్న రైతుకు పన్ను భారం తగ్గించింది. మన దగ్గర సాగుభూమిపై అటువంటి పన్ను లేదు గనుక మినహాయింపు పనిచేయదు. నేరుగా చెల్లింపే మార్గం. ఎకరాల లెక్కన రైతు ఖాతాలో సొమ్ము వేసే యంత్రాంగం 2018లో రైతుబంధుతోనే ఏర్పడింది. 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో పదో వంతును పచ్చదనానికి కేటాయించమంది. దానికి లేఅవుట్ రుసుములో ఒక వాటా కలపవచ్చు. ఉదాహరణకు 1,500 ఎకరాలకు ఎకరాకు ఏటా 10 వేల రూపాయలు అదనంగా చెల్లిస్తే కోటిన్నర అవుతుంది. ఇది భూమి ధరకు సాటి రాదు. కానీ పది, పదిహేనేళ్ల ఐచ్ఛిక ఒప్పందానికి ప్రారంభంగా నిలుస్తుంది. ఒప్పందం ఐచ్ఛికంగా ఉండటం, గ్రామసభలో చర్చించి కుదరడం దాని విజయానికి షరతులు.

మన కర్తవ్యం

పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, జగిత్యాల వ్యవసాయ కళాశాల, సిరిసిల్ల సమీపాన జిల్లెల్లలోని వ్యవసాయ కళాశాల, కోరుట్లలోని పశువైద్య కళాశాల ఈ మూడు పట్టణాల ముంగిటనే ఉన్నాయి. ఇంతటి విజ్ఞాన వనరు ఉన్న చిన్న పట్టణాలు రాష్ట్రంలో అరుదు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా తయారయ్యేటప్పుడు మనల్ని ఎవరూ అడగకపోవచ్చు. అడిగే వరకు వేచి ఉండటం కూడా మన నిర్ణయమే అవుతుంది.

చేయదగిన పనులు కొన్ని వెంటనే మొదలు పెట్టవచ్చు. మొదటిది, పట్టణం చుట్టూ ఐదు కిలోమీటర్ల పరిధిలో నేల రకం, వాలు, చెరువు గొలుసు, తోటలు, ఖాళీ ప్లాట్లు చూపే పటం. ఇది ఏ మాస్టర్ ప్లాన్‌కైనా ముందుండవలసిన పత్రం. రెండవది, మే నెలలో మామిడి తోట, వరి కొయ్యకాలు, ఖాళీ ప్లాటు, స్లాబు వాడలలో పగలు, రాత్రి ఉష్ణోగ్రత, తేమల కొలత. పైన చెప్పిన సైద్ధాంతిక లెక్క మన నేలపై ఎంతవరకు నిలుస్తుందో అది తేలుస్తుంది. స్నాతకోత్తర విద్యార్థికి ఇది ఒక వేసవి పని. మూడవది, ఖాళీ ప్లాట్ల యాజమాన్యం. వయ్యారిభామను పూతకు ముందే తొలగించి, దానితో పోటీపడే తగిరిస, తంగేడు చల్లడం, మహిళా సంఘాలకు స్వల్పకాలిక కూరగాయల సాగుకు ప్లాట్లు ఇప్పించడం, నీరు నిలవకుండా వాలు సరిచేయడం. నాలుగవది, రావెప్ కార్యక్రమంలో కొందరు విద్యార్థులనైనా పట్టణ శివారు గ్రామాలకు పంపడం. భూమి అమ్మాలా వద్దా అనే సందిగ్ధంలో ఉన్న రైతుతో మాట్లాడటం వారి విద్యలో భాగం కావాలి.

ఒక ప్రాంతానికి ఏ వంగడం తగునో తేల్చడానికి మనం ఏళ్ల తరబడి పరీక్షలు చేస్తాం. జగిత్యాల సన్నాలు అలా ఈ నేలలో పుట్టి రైతుల ఇళ్లలో నిలిచిన రకం. పట్టణం పెరిగే తీరు మాత్రం ఏ పరీక్షా లేకుండా ఒక చోటి నుండి మరో చోటికి నకలుగా వస్తున్నది. తప్పు వంగడం వేస్తే ఒక పంటకాలం నష్టం, మరు సీజనులో దిద్దుకోవచ్చు. సిమెంటు పడిన తరి భూమి మళ్లీ మడి కాదు. తదుపరి మాస్టర్ ప్లాన్ ముసాయిదా ఈ పట్టణాలలో ఏదో ఒకదానిలో మళ్లీ గోడకు అంటించే రోజు వస్తుంది. ఆ రోజున అభ్యంతరాలు తెలిపే గడువులోపల రైతు చేతిలో పెట్టదగిన పటం, లెక్క మన వద్ద సిద్ధంగా ఉండాలి.